హామీ లెక్క, రోగి లెక్క

ప్రశ్న: ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ కొత్త ఆసుపత్రులు, సత్వర చికిత్స అంటూ హామీలు ఇస్తారు. ఆ తరువాత లక్ష్యాన్ని చేరుకున్నామని అంకెలు చూపిస్తారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవారికి మాత్రం నిరీక్షణ తగ్గినట్టే అనిపించదు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అబద్ధమే కానక్కరలేదండీ. నాయకులు లెక్కపెట్టేదీ రోగులు అనుభవించేదీ చాలాసార్లు వేర్వేరు విషయాలు. ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన జాతీయ ఆరోగ్య సేవ (NHS) తన లక్ష్యాలనూ ఫలితాలనూ నెలనెలా బహిరంగంగా వెల్లడిస్తుంది కనుక, ఈ తేడా అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

అత్యవసర విభాగానికి వచ్చినవారిలో 95 శాతం మందిని నాలుగు గంటల్లోగా చేర్చుకోవడమో, వేరే చోటికి మార్చడమో, ఇంటికి పంపడమో జరగాలన్నది అక్కడి ప్రమాణం. రికార్డులు పరిశీలిస్తే, ఆ గడువు ముగియడానికి కొద్ది నిమిషాల ముందు విభాగం నుంచి కదిలే రోగుల సంఖ్య ఒక్కసారిగా పెరిగేదని తేలింది. ఆ తొందర గడువు తెచ్చిందే గాని జబ్బు తెచ్చింది కాదు.

ముందుగా తేదీ ఇచ్చి చేసే చికిత్సల సంగతి ఇంకా సూక్ష్మమైనది. నిరీక్షణ జాబితాలో ఉన్నవారిలో 92 శాతం మంది ఎదురుచూపు 18 వారాలు మించకూడదన్న ప్రమాణాన్ని 2016 తరువాత అక్కడ అందుకోలేకపోయారు. ఆ 18 వారాలు కూడా నిపుణుడికి సిఫారసు అందిన నాటి నుంచి మొదలవుతాయి; అంతకుముందు కుటుంబ వైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు కాసిన రోజులు లెక్కలోకి రావు. చికిత్స మొదలవగానే లెక్క ఆగిపోతుంది కనుక, ఆపై జరగవలసిన పునఃపరీక్షలు ఎంత ఆలస్యమైనా ఆ పట్టికకు పట్టదు. మోకాలి నొప్పితో నిద్ర లేని మనిషి మాత్రం నొప్పి మొదలైన రోజు నుంచే లెక్క వేసుకుంటాడు.

కట్టడాల హామీలది మరో దారి. 2030 నాటికి 40 కొత్త ఆసుపత్రులు కడతామని అక్కడ చెప్పారు. వాటిలో కొన్ని పాత ఆసుపత్రులకు చేర్చే కొత్త విభాగాలే. గడువులోగా అవి పూర్తి కావని జాతీయ ఆడిట్ కార్యాలయం 2023లో తేల్చింది. అక్కడి 2019 ఎన్నికల్లో 50,000 మంది అదనపు నర్సులు అని కూడా ప్రకటించారు. తీరా చూస్తే వారిలో దాదాపు 18,500 మంది అప్పటికే పనిలో ఉండి, మానేయకుండా నిలుపుకోవలసినవారు. (అనుభవమున్న నర్సు మానేయకుండా చూడడం రోగికి ఎంతో మేలు చేసే పనే. ఉన్నదున్నట్టు చెబితే ఓట్లు రాలవనుకున్నారు కాబోలు.)

అలాగని లక్ష్యాలు పెట్టడమే వృథా అనుకోకండి. 2000ల దశకంలో లక్ష్యాలతో పాటు నిధులు, సిబ్బంది కూడా పెరిగినప్పుడు అక్కడ నిరీక్షణ నిజంగానే తగ్గింది. కనుక ఈసారి ఎవరైనా హామీతో మీ ముందుకు వస్తే, ఆ గడువును ఏ రోజు నుంచి లెక్కిస్తారో, ఏ రోజున ఆపుతారో, కొత్త పడకల పక్కన రాత్రిపూట ఎవరు డ్యూటీ చేస్తారో, వారి జీతానికి ఏటా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి.