మరుగున పడిన శాస్త్రీయ సంగీతం సమీక్షల వల్ల మళ్ళీ వెలుగులోకి వస్తుందా?

వస్తుంది. కాకపోతే సమీక్ష ఒక్కటే సరిపోదు. చదివినవాళ్ళకు ఆ సంగీతం వినడానికో వాయించడానికో ఎక్కడో ఒకచోట దొరకాలి. దొరక్కపోతే ఎంత పొగిడినా ఆ పొగడ్త ఆ వారం పత్రికతోనే పాతబడిపోతుంది. తెగిడే సమీక్షకు మాత్రం ఈ షరతు లేదు. ఎవరికీ తెలియని రచన మీద చెడ్డమాట ఒక్కటి పడితే చాలు, దాన్ని ముంచేయడానికి. ఒక చిన్న సంగీత పత్రికకు పదేళ్ళకు పైగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం సీడీల మీద సమీక్షలు రాశాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను. అందులో ఒకటి నేను రాయకుండా ఉండాల్సింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు మంచి జరిగిన కథ. జర్మన్ స్వరకర్త బాఖ్ పోయిన దాదాపు 80 ఏళ్ళకు, 1829 మార్చి 11న, బెర్లిన్‌లో ఇరవై ఏళ్ళ స్వరకర్త మెండెల్సన్, గాయకబృందం ఆర్కెస్ట్రాతో కలిసి పాడే బాఖ్ రచన ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ను మళ్ళీ వినిపించాడు. ఈ కథ చెప్పేవాళ్ళంతా మెండెల్సన్‌ను తలుచుకుంటారు. అడాల్ఫ్ బెర్న్‌హార్డ్ మార్క్స్ అనే విమర్శకుణ్ణి మాత్రం మర్చిపోతారు. బెర్లిన్‌లో ఒక సంగీత పత్రిక నడిపేవాడాయన. కచేరీ అయ్యాక తీర్పు చెప్పడం కాదు, కచేరీకి ముందు నుంచే వరుసగా వ్యాసాలు రాసి, ఏం వినబోతున్నారో, ఎందుకు వినాలో జనానికి చెప్పుకుంటూ వచ్చాడు. హాలు నిండిపోయి చాలామంది టికెట్లు దొరక్క వెనక్కి వెళ్ళారు. పది రోజులకే, బాఖ్ పుట్టినరోజున, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ఆ పత్రికను అచ్చువేసే ష్లెజింగర్ సంస్థే మరుసటి ఏడాది ఆ రచన స్కోరును, అంటే స్వరాలు రాసిన పుస్తకాన్ని, కూడా అచ్చువేసింది. అంటే వ్యాసం చదివి ఆశపడిన వేరే ఊరి గాయకబృందానికి పాడుకోవడానికి పుస్తకం దొరికింది.

స్వరకర్త షూబర్ట్ విషయంలోనూ ఇంతే. ఆయన పోయిన పదేళ్ళకు, 1839 జనవరి 1న, స్వరకర్త, విమర్శకుడు అయిన షూమన్ వియన్నాలో షూబర్ట్ అన్నగారి ఇంటికి వెళ్తే అక్కడ పాత కాగితాల కట్టల్లో ‘గ్రేట్’ సి మేజర్ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) కనిపించింది. లైప్‌జిగ్‌కు పంపించాడు, ఆ మార్చిలోనే మెండెల్సన్ వాయింపించాడు. తర్వాత షూమన్ తన పత్రికలో దాని మీద రాసిన సమీక్ష చదివితే మెచ్చుకోవడం ఎలాగో అర్థమవుతుంది. ‘అద్భుతం’ అని ఊరుకోలేదు. రెండో భాగంలో ఎక్కడో దూరం నుంచి హారన్ అనే ఊదే వాద్యం పిలిచినట్టు వినిపించే చోటును పట్టి చూపించాడు. అక్కడ మిగతా వాద్యాలన్నీ ఎవరో అతిథి వస్తే చెవి ఒగ్గి వింటున్నట్టు అణిగిపోతాయన్నాడు. ఇప్పుడు నేను ఆ సింఫనీ ఎప్పుడు పెట్టినా ఆ చోటు రాగానే చేస్తున్న పని ఆపేస్తాను. కొత్త సంగీతంలో చెవి ఎక్కడ పెట్టాలో తెలియనివాడికి ఇలాంటి ఒక్క వాక్యం చాలు.

ఇక మెచ్చుకున్నా ఫలితం లేకపోయిన కథ. 1933 జూన్ 15న చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీని వాయించింది. అమెరికాలో పెద్ద ఆర్కెస్ట్రా ఒక నల్లజాతి మహిళ సింఫనీని వాయించడం అదే మొదలు. మర్నాటి పత్రికల్లో మంచి సమీక్షలే వచ్చాయి. అయినా మిగతా పెద్ద ఆర్కెస్ట్రాలు కదల్లేదు. బోస్టన్ ఆర్కెస్ట్రా కండక్టర్‌కు ఆవిడ పదే పదే ఉత్తరాలు రాసింది. తాను స్త్రీ కావడం, నల్లజాతి కావడం రెండూ అడ్డంకులేనని అందులో ఆవిడే సూటిగా రాసుకుంది. 1953లో పోయింది. 2009లో ఇల్లినాయ్‌లో పాడుబడ్డ ఇల్లొకటి బాగుచేయించబోతే ఆవిడ రాతప్రతులు గుట్టగా బయటపడ్డాయి. అందులో వయొలిన్ కాన్సర్టోలున్నాయి (ఆర్కెస్ట్రా తోడుగా వయొలిన్ ముఖ్యంగా వినిపించే రచనలు), నాలుగో సింఫనీ ఉంది. 2018లో పత్రికల్లో ఆవిడ గురించి పెద్ద వ్యాసాలొచ్చాయి, అదే ఏడాది ఒక పెద్ద ప్రచురణ సంస్థ హక్కులు తీసుకుంది. తర్వాత ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా రికార్డింగ్‌కు గ్రామీ కూడా వచ్చింది. సంగీతం అదే. 1933లోనూ పొగిడారు, ఇప్పుడూ పొగిడారు. ఈసారి పొగడ్తకు తోడు స్కోరుంది, రికార్డింగుంది, వాయించాలనుకున్న వాళ్ళున్నారు.

అసలు సమీక్షల ప్రమేయం పెద్దగా లేకుండా పైకొచ్చినవీ ఉన్నాయి. పోలండ్ స్వరకర్త గొరెత్స్కీ మూడో సింఫనీ 1977లో మొదటిసారి వినిపించినప్పుడు విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. 1992లో వచ్చిన రికార్డింగ్‌ను బ్రిటన్‌లో రేడియో మళ్ళీ మళ్ళీ వేస్తే పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి.

ఇక తెగిడే సమీక్షలు. 1881లో వియన్నాలో చైకోవ్‌స్కీ వయొలిన్ కాన్సర్టో విని, ఇది కంపు కొట్టే సంగీతమన్న ధోరణిలో రాశాడు హాన్‌స్లిక్ అనే విమర్శకుడు. ఆ రచన బతికింది, ఎందుకంటే బ్రాడ్‌స్కీ అనే వయొలినిస్టు దాన్ని వదల్లేదు, మరుసటి ఏడాదే లండన్‌లో వాయించాడు. 1897లో రాక్‌మనినోవ్ మొదటి సింఫనీని రిహార్సల్ సరిగా లేకుండా వాయిస్తే, నరకంలో సంగీత పాఠశాల ఉంటే అక్కడ దీనికి మంచి ఆదరణ ఉంటుందన్నట్టు రాశాడు కూయీ అనే విమర్శకుడు. దాని తరఫున నిలబడేవాళ్ళు లేకపోయారు. రాక్‌మనినోవ్ బతికుండగా ఆ సింఫనీ మళ్ళీ వినిపించలేదు. ఒక్కో వాద్యానికి విడిగా రాసిన ప్రతులు దొరికి మాస్కోలో వాయించేసరికి 1945 వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

బీతోవెన్ సొనాటాను ఒక పియానిస్టు బాగా వాయించలేదని రాస్తే ఆ పియానిస్టు బాధపడతాడు, బీతోవెన్‌కు పోయేదేం లేదు. ఎవరూ వినని స్వరకర్త విషయం అలా కాదు. ఆ రచన గురించి పాఠకుడికి దొరికే మాట నీ మాట ఒక్కటే. ఇది తెలిసి కూడా నేను తప్పు చేశాను. పంతొమ్మిదో శతాబ్దపు స్వరకర్త ఒకరి పియానో రచనల సీడీ వచ్చింది. పియానిస్టు కుర్రవాడు, రాతప్రతుల నుంచి సొంతంగా స్వరాలు రాసుకుని నేర్చుకున్నాడు. నేను గడువు దగ్గరపడిందని ఒక్కసారి విని, ‘జనం ఈయన్ని మర్చిపోవడంలో తప్పేమీ లేదు’ అని ముగించాను. వాక్యం బాగా కుదిరిందని అప్పుడు అనిపించింది కూడా.

రెండేళ్ళ తర్వాత ఒక కచేరీ దగ్గర ఆ పియానిస్టే నన్ను వెతుక్కుంటూ వచ్చి పరిచయం చేసుకున్నాడు. కోప్పడలేదు. సంచిలోంచి ఆ స్కోరు తీసి చూపించాడు. పేజీల అంచులు మెత్తబడి ఉన్నాయి. ప్రతి స్వరం మీదా ఏ వేలితో నొక్కాలో పెన్సిల్‌తో రాసిన నంబర్లు, కొన్నిచోట్ల రెండు మూడుసార్లు చెరిపి మళ్ళీ రాసినవి. వెనక పేజీలో నా వాక్యం కత్తిరించి ఉంది, కింద ఎర్ర ఇంకుతో గీత. ఆ గీత తను గీసింది కాదట. రెండో సీడీకి డబ్బు పెడతానన్న సంస్థవాళ్ళు గీసి పంపించారట.

ఆ రాత్రే ఇంటికొచ్చి ఆ సీడీ మళ్ళీ విన్నాను, ఆ వారంలో ఇంకో నాలుగుసార్లు విన్నాను. మూడో రచనలో ఎడమచేయి ఒకే స్వరాన్ని పట్టుకుని ఉండగా కుడిచేయి దానికి దూరంగా జరిగి, జరిగి, తిరిగి రాలేక ఆగిపోయే చోటు ఒకటుంది. మొదటిసారి అది నాకు వినపడనేలేదు. దాని గురించి కొత్తగా సమీక్ష రాసి ఎడిటర్‌కు పంపాను. సీడీ అప్పటికే మార్కెట్లో లేదు, దొరకనిదానికి సమీక్ష ఎందుకండీ అన్నారాయన.