మిల్లింగ్ మిషన్: మిషన్ సగం, సామాను సగం

ప్రశ్న: రిటైరయ్యాక కాప్రాలో ఉంటున్నాను. కారు పార్కింగ్ పక్కన చిన్న గదిలో ఒక చిన్న లేత్ పెట్టుకుని బుల్లి ఆవిరి ఇంజన్లు చేస్తుంటాను. సిలిండర్ బోరు 20 మిల్లీమీటర్లు మించదు. సిలిండర్ బ్లాకుల ముఖాలు ఇన్నాళ్లూ ఆకురాయితోనే సాపు చేశాను, ఇక చేతులు మొరాయిస్తున్నాయి. సామానుతో కలిపి రెండున్నర లక్షల్లో మిల్లింగ్ మిషన్ కొందామని ఉంది. చర్లపల్లిలో మూసేసిన ఒక షెడ్డులో పాత టరెట్ మిల్లు అమ్మకానికి పెట్టారు. కొత్త చైనా బెంచ్ మిల్లుకీ దాదాపు అంతే ధర చెబుతున్నారు. ఏది కొనమంటారు? దాంతో పాటు ఏమేం కొనాలి?
– ఒక పాఠకుడు, కాప్రా

జవాబు: ఏం పని చేస్తారో మీరే రాశారు, సంతోషం. చాలామంది "మంచి మిషన్ చెప్పండి" అని ఊరుకుంటారు, దేనికో చెప్పరు. అరచేతిలో ఇమిడే బ్లాకులకి టన్ను బరువున్న మిషన్ అవసరం లేదు, అలాగని యాభై కిలోల మిషన్ కూడా వద్దండి.

బరువు గురించి ఎందుకు పట్టుబడుతున్నానంటే, లేత్ టూల్ జాబ్‌ని (కోస్తున్న ముక్కని) ఆనుకునే ఉండి కోస్తుంది, మిల్లింగ్ కట్టర్ అలా కాదు, ఒక్కో పన్నూ వచ్చి జాబ్‌ని కొట్టి పోతుంది. కొట్టిన ప్రతిసారీ హెడ్డు, కాలమ్, టేబుల్ అన్నీ వణుకుతాయి, ఆ వణుకుని మింగాల్సింది పోత ఇనుమే. అందుకని కేటలాగులో మోటారు వాట్లూ డిజిటల్ డిస్‌ప్లేలూ తర్వాత, ముందు బరువు ఎంతో చూడండి. ఎక్స్2 అని పిలిచే మినీ మిల్లులు 50, 60 కిలోలుంటాయి. ఇత్తడి, అల్యూమినియం వరకు పర్వాలేదు కానీ ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు) మీద 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో కాస్త లోతుగా వెళ్తే గోల మొదలుపెడుతుంది. వాటి పాత మోడళ్లలో కాలమ్ మొత్తం వెనకున్న ఒకే ఒక్క పెద్ద నట్టు మీద నిలబడుతుంది, అది ఇంకో తలనొప్పి. ఆ పై మెట్టు బీఎఫ్20 రకం బెంచ్ మిల్లు, 100 కిలోలు దాటుతుంది, ఇద్దరు ముగ్గురు కలిసి బల్ల మీదకి ఎత్తగలరు, సింగిల్ ఫేజ్ మీద నడుస్తుంది. మీ పనికి నేను చెప్పేది అదే.

దుకాణంలో దానికంటే బరువైన మిల్-డ్రిల్ మిషన్ కూడా చూపిస్తారు, గుండ్రటి కాలమ్ ఉంటుంది, ధర ఊరిస్తుంది. వద్దనండి. చిన్న డ్రిల్లుతో రంధ్రం వేసి, తర్వాత పొడుగు రీమర్ పెట్టడానికి హెడ్డు పైకెత్తారనుకోండి, కాలమ్ గుండ్రం కాబట్టి హెడ్డు అటో ఇటో తిరుగుతుంది, కుదుర్చుకున్న సెంటర్ పోతుంది. మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. డవ్‌టెయిల్ కాలమ్ (హెడ్డు పక్కకి తిరక్కుండా గాడి పట్టుకుని జారేది) ఉన్నదే తీసుకోండి.

ఇక చర్లపల్లి మిషన్. మీకు మనసు అటే లాగుతోందని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, తప్పు లేదు. 1943లో ప్రాగా టూల్స్ మొదలైన సికింద్రాబాద్, తర్వాత హెచ్‌ఎంటీ వచ్చిన హైదరాబాద్ మనవి, ఇక్కడ పాత మిషన్ల మీద మోజు ఉండటం సహజం. పైగా ఎం1టీఆర్ రకం టరెట్ మిల్లు బాగా ఉన్నది దొరికితే ఏ కొత్త బెంచ్ మిల్లూ దాని ముందు నిలబడదు. ఆ "బాగా ఉన్నది" అన్న మాట దగ్గరే అంతా ఉంది. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక డయల్ గేజి (సన్నటి కదలికని ముల్లుతో చూపేది), అయస్కాంతం స్టాండు, టార్చిలైటు, గుడ్డ తీసుకెళ్లండి. కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకాస్త అనుమానంగా చూడండి.

ముందు టేబుల్‌ని మధ్యకు తెచ్చి, డయల్ ఆనించి, హ్యాండిల్ని అటూ ఇటూ తిప్పి ఎంత ప్లే (హ్యాండిల్ తిరిగినా టేబుల్ కదలని ఖాళీ) ఉందో రాసుకోండి. తర్వాత అదే పని టేబుల్ కుడి చివర, ఎడమ చివర చేయండి. మూడు చోట్లా ఒకేలా ఉంటే టేబుల్‌ని నడిపే స్క్రూ మీది నట్టు అరిగింది, అది మార్చుకోవచ్చు. మధ్యలో ఎక్కువగా, చివర్లలో తక్కువగా ఉంటే స్క్రూ అరిగిందని అర్థం, ఎందుకంటే ఇన్నేళ్లూ పని నడిచింది ఆ మధ్య ముక్క మీదే. అమ్మేవాడు "నట్టు బిగిస్తే సరిపోతుంది సార్" అంటాడు. మధ్యలో సరిపోయేలా బిగిస్తే చివర్లకి వెళ్లేసరికి పట్టేస్తుంది, చేతులతో తిప్పలేరు. స్లైడ్ల మీద గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి: స్క్రేపింగ్ గాట్లు చివర్లలో కనిపిస్తూ మధ్యలో నున్నగా మాయమైతే అరుగుదల అక్కడుంది. టేబుల్ మీద డ్రిల్లు గుచ్చుకున్న మచ్చలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి కానీ వాటిని పట్టించుకోకండి, పైగా ధర తగ్గించడానికి పనికొస్తాయి. ఆఖరున స్పిండిల్ని (కట్టర్ని తిప్పే ఇరుసుని) పై స్పీడులో ఓ అరగంట తిరగనిచ్చి బేరింగుల దగ్గర చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే, చెయ్యి ఆనించలేకపోతే వెనక్కి వచ్చేయండి.

కరెంటు సంగతి. మీ ఇంటికి త్రీ ఫేజ్ మీటరుంటే ఈ టెన్షన్ లేదు. సింగిల్ ఫేజ్ అయితే వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే పెట్టె) పెట్టమని అందరూ చెబుతారు, కానీ 230 వోల్టులు తీసుకునే మామూలు వీఎఫ్‌డీ బయటికి ఇచ్చేదీ 230 త్రీ ఫేజే, 415 ఇవ్వదు. మోటారు ప్లేటు మీద 230/415, డెల్టా/స్టార్ అని ఉంటే టెర్మినల్ బాక్సులో పట్టీలు మార్చి డెల్టా చేస్తే సరి. 415 మాత్రమే ఉంటే వైండింగ్ వాడి దగ్గరికి వెళ్లాలి, లేదా కొత్త మోటారు. ఆ ఖర్చు బేరంలో తీసేయించండి. తర్వాత తేవడం: టన్ను మిషన్‌ని లారీ ఎక్కించడానికి, దించడానికి రెండు చోట్లా హైడ్రా క్రేన్ కావాలి (కూల్చే హైడ్రా కాదు, ఎత్తే హైడ్రా), అది మీ పార్కింగ్ స్లాబు కిందకి దూరదు. గేటు నుంచి గదిదాకా ఇనప పైపుల మీద దొర్లించుకుంటూ పోవాలి. ఇవన్నీ కలిపి, స్క్రూ కూడా బాగుండి, మొత్తం ఖర్చు లక్షా డెబ్బై వేలలోపు వస్తే చర్లపల్లిదే కొనండి, నేనేమీ అడ్డు చెప్పను. ఒక్కటి దాటినా కొత్త బెంచ్ మిల్లే.

ఎందుకు లక్షా డెబ్బై అంటే, మిగతా ఎనభై వేలూ సామానుకి కావాలి. మొత్తం డబ్బు మిషన్ మీదే పోసి, ఆ తర్వాత డ్రిల్లింగ్ మిషన్ వైస్‌తో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

మొదటి ఖర్చు వైస్. మామూలు వైస్ బిగించినప్పుడు కదిలే దవడ కొంచెం పైకి లేస్తుంది, దాంతో పాటు జాబూ లేస్తుంది, అప్పుడు మీరు సాపు చేసిన ముఖం కింది ముఖానికి సమాంతరంగా రాదు. యాంగిల్ లాక్ ఉన్న మిల్లింగ్ వైస్ బిగించే కొద్దీ దవడని కిందకి లాగుతుంది. బెంచ్ మిల్లుకి 4 అంగుళాలది చాలు, 6 అంగుళాలది పెడితే టేబుల్ అంతా అదే ఆక్రమిస్తుంది. తిరిగే బేస్ ఇస్తే తీసి అటక మీద పెట్టేయండి, దానివల్ల ఎత్తు పోతుంది, గట్టిదనమూ పోతుంది. జాబ్ కింద పెట్టడానికి ప్యారలల్ పట్టీలు, టేబుల్ మీద నేరుగా బిగించడానికి క్లాంపింగ్ సెట్టు కావాలి. సెట్టు కొనే ముందు టీ-స్లాటు వెడల్పు వెర్నియర్‌తో కొలవండి, మిషన్ పేరు చెప్పి కొంటే నట్లు దూరకపోవచ్చు.

తర్వాత కట్టర్ని పట్టుకునేది. స్పిండిల్ టేపరు (లోపలి సన్నబడే రంధ్రం) ఆర్8 గానీ ఎంటీ3 గానీ ఉంటుంది. ఎంటీ3 బిగుసుకుంటే సుత్తితో తట్టి విడిపించాలి, ఆ దెబ్బలు పడేది బేరింగుల మీద. ఆర్8 కాస్త తడితే ఊడుతుంది, నా ఓటు దానికే. దానికో ఈఆర్25 చక్కు తీసుకోండి, 16 మిల్లీమీటర్ల షాంకు (కట్టర్ కాడ) దాకా పడుతుంది. చక్కులో షాంకుని పట్టే కొలెట్లు మొత్తం సెట్టు అక్కర్లేదు, కట్టర్ షాంకులు మామూలుగా 6, 10, 12, 16 సైజుల్లో వస్తాయి కాబట్టి ఆ నాలుగూ చాలు. మిగతావి అవసరం పడినప్పుడు రాణిగంజ్ వెళ్తే దొరుకుతాయి.

కట్టర్లు "20 పీసుల సెట్టు" అని చెక్కపెట్టెలో పెట్టి అమ్ముతారు, చూడముచ్చటగా ఉంటుంది, అందులో మీరు వాడేది నాలుగైదు. అడిసన్ లాంటి కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) కట్టర్లు విడిగా కొనండి: 6, 10, 12లో రెండు పళ్లవి, నాలుగు పళ్లవి. అల్యూమినియానికి రెండు పళ్లవే, నాలుగు పళ్లవి పెడితే చిప్స్ ఇరుక్కుంటాయి. కార్బైడ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, వణికే చిన్న మిషన్ మీద అంచు పెచ్చులూడుతుంది. 10 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ కట్టర్‌కి ఎం.ఎస్. మీద 800 ఆర్‌పీఎం దగ్గర, అల్యూమినియం మీద 2,400 దగ్గర మొదలుపెట్టండి. ఇక మీ బ్లాకుల ముఖాలకి అసలైన ఆయుధం ఫ్లై కట్టర్ (ఒకే పన్నుతో వెడల్పుగా కోసేది), అది కొనక్కర్లేదు, మీ లేత్ మీద మీరే చేసుకోవచ్చు.

ఎడ్జ్ ఫైండరు (జాబ్ అంచు ఎక్కడుందో పట్టిచ్చేది), లివర్ డయల్ కొనాల్సిందే. డయల్‌ని స్పిండిల్‌లో పట్టి టేబుల్ మీద చుట్టూ తిప్పి చూస్తేనే హెడ్డు నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. 150 మిల్లీమీటర్ల చుట్టులో తేడా 0.02 లోపు వచ్చేదాకా సరిచేసుకోండి, కొత్త మిషన్ అయినా సరే. ఇంకా డబ్బు మిగిలితే రోటరీ టేబుల్ కంటే ముందు డీఆర్‌ఓ (డిజిటల్ రీడౌట్) పెట్టించండి, టేబుల్ నిజంగా ఎంత కదిలిందో చూపిస్తుంది కాబట్టి లెక్కలో స్క్రూ ప్లే అడ్డురాదు. అయితే ప్లే మాత్రం అక్కడే ఉంటుంది, డీఆర్‌ఓ ఉంది కదా అని కట్టర్ తిరిగే దిశలోనే జాబ్‌ని నడిపితే కట్టర్ జాబ్‌ని ఒక్కసారిగా లాగేసుకుంటుంది. ఎదురు దిశలోనే నడపండి.

ప్రశ్న: నా దగ్గర బెంచ్ డ్రిల్లింగ్ మిషన్ ఉంది. క్రాస్ వైస్ (అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ జరిగే వైస్) కొని దానికి బిగిస్తే చిన్నపాటి మిల్లింగ్ చేసుకోవచ్చని మావాడు అంటున్నాడు. ఏడాదికి రెండు మూడు జాబులే ఉంటాయి.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీవాడికి చెప్పండి, వద్దని. డ్రిల్ చక్కు టేపరులో ఒత్తిడితో నిలబడుతుంది, పై నుంచి పట్టుకునే డ్రాబార్ ఉండదు. డ్రిల్లు వేసేటప్పుడు ఒత్తిడి పైకే కాబట్టి ఊడదు. కట్టర్ పెట్టి పక్కకి నెట్టారా, ఆ వణుకుకి టేపరు వదులై చక్కు తిరుగుతూనే కింద పడుతుంది, ఎటు ఎగురుతుందో చెప్పలేం. అది జరగకపోయినా చక్కు దవడలు గట్టి షాంకుని సరిగా పట్టలేవు, కట్టర్ మెల్లగా కిందకి జారి జాబ్‌లో లోతుగా దిగుతుంది. ఏడాదికి రెండు మూడు జాబులంటున్నారు, మీ ఊళ్లో ఆటోనగర్ ఉండగా మిషన్ దేనికండీ? డ్రాయింగు గీసి, కొలతలు స్పష్టంగా రాసి జాబ్ వర్కుకి ఇవ్వండి. ఇంట్లోనే చేయాలన్న సరదా ఉంటే, లేత్ ఉన్నవాళ్లయితే, దాని క్రాస్ స్లైడ్ మీద బిగించే వర్టికల్ స్లైడ్ కొనుక్కోండి. మెల్లగా సాగుతుంది, కానీ సాగుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం, వచ్చే ఏడాది ఏలూరు వచ్చేస్తున్నాం. ఇక్కడ నా గరాజ్‌లో 110 వోల్టుల బెంచ్ మిల్లు ఉంది, డీసీ మోటారు, ఆర్8 స్పిండిల్. తెచ్చుకోవాలా, అమ్మేయాలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఇంటి సామానుకి ఎలాగూ కంటెయినరు మాట్లాడుకుంటుంటే తెచ్చుకోండి, మిషన్ ఒక్కదాని కోసం మాత్రం వద్దు. డీసీ మోటారు కాబట్టి మన 50 హెర్ట్జ్ వల్ల ఇబ్బంది లేదు, మోటారు వాట్లకి రెట్టింపు సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తుంది. డయళ్లు అంగుళాల్లో ఉంటాయి, ఇక్కడ మీకు దొరికే మెటీరియలూ బోల్టులూ మిల్లీమీటర్లలో, డీఆర్‌ఓ ఉంటే ఆ గొడవ తీరుతుంది. అమ్మేసేట్టయితే ఆర్8 కొలెట్లు, ఎడ్జ్ ఫైండరు, డయళ్లు మాత్రం అమ్మకండి, ఇక్కడ ఆర్8 మిషన్ కొన్నప్పుడు అన్నీ పనికొస్తాయి. వాటిని 23 కిలోల చెకిన్ బ్యాగులో సర్దండి, క్యాబిన్ బ్యాగులో కట్టర్లు కనిపిస్తే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. మిషన్ తెచ్చుకునే పక్షంలో బయల్దేరే ముందు స్పీడ్ కంట్రోల్ బోర్డు ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి. ఈ రకం మిల్లుల్లో కాలిపోయేది ఎక్కువగా అదే, ఏలూరులో అది దొరకదు.