కీ తిప్పితే కారు స్టార్ట్ కాకుండా టిక్ టిక్ అంటోంది, బ్యాటరీతో పాటు ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) కూడా మార్చాలా?

మెకానిక్ మీటర్ పెట్టి చూడకుండా రెండూ మార్చమన్నారంటే తొందరపడకండి. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకే వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ దొరుకుతుంది, ముందు అది తెచ్చుకోండి.

రాత్రంతా ఆగిన కారుకి పొద్దున్నే బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.6 దరిదాపుల్లో ఉంటే ఛార్జ్ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే ఇంచుమించు సగమే. తక్కువుంటే ఛార్జ్ పెట్టించి మళ్లీ చూడండి. ఛార్జ్ నిండుగా ఉండి కూడా, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే బ్యాటరీ పనైపోయినట్టే. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.4 ఉండాలి. అంత వస్తుంటే ఆల్టర్నేటర్ జోలికి పోనక్కర్లేదు. 12 దగ్గరే ఆగితే దాన్ని అనుమానించొచ్చు, అదీ దాన్ని తిప్పే బెల్ట్ వదులైందేమో చూశాకే.

మా పాత పెట్రోల్ కారుకి ఈ అంకెలన్నీ బాగానే ఉన్నా టిక్ టిక్ ఆగలేదు. అప్పుడు మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి, మా బావగారిని సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు కూడా రాకూడని చోట ఒకటి దాటింది. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాం, అంతే. ఖర్చు కాగితానిది మాత్రమే! మీరూ టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుందేమో చూడండి. ఉంటే ముందు నెగెటివ్ వైరు విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించండి.

ఇంకో సంగతి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేసి "బండి ఆగలేదు, ఆల్టర్నేటర్ బాగుంది" అనే పాత మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. మీ కారుకి అలా చేయనివ్వకండి. వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కాలిపోవచ్చు, దాని ముందు ఆల్టర్నేటర్ ఖరీదు చిల్లర కిందే లెక్క.

చివరికి బ్యాటరీదే తప్పని తేలితే, కొత్తది కొనేముందు పాత వారంటీ కార్డు వెతకండి. మొదటి కొన్నేళ్లలో పోతే చాలా కంపెనీలు ఉచితంగా మారుస్తాయి, ఆ తర్వాత కొంత కాలం డిస్కౌంట్ ఇస్తాయి. షాపువాడు తనంతట తాను ఆ మాట ఎత్తడు.