బలుల చట్టాలు ఇప్పుడు మనకెందుకు? నాకు సమాధానం దొరికింది లేవీయకాండం 6లో

మీరు అడిగింది ఇదీ: యేసు ప్రభువు సిలువ మీద ఒక్కసారే బలి అయ్యాడు కదా, ఆ ఎడ్లు, గొర్రెలు, పావురాల లెక్కలన్నీ ఇప్పుడు క్రైస్తవులు చదివితే ఏం లాభం? నలభై ఏళ్లు దాటేదాకా నాదీ ఇదే ప్రశ్న. ఏటా జనవరి ఒకటిన బైబిల్లో మొదటి పుస్తకం ఆదికాండం మొదలుపెట్టేవాణ్ణి. బలుల చట్టాలుండే మూడో పుస్తకం లేవీయకాండంలోకి రాగానే చదువు ఆగిపోయేది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ బలులు మనం అర్పించనక్కర్లేదు. ఏటేటా మళ్లీ మళ్లీ అర్పించాల్సి వచ్చిందంటేనే వాటితో పని పూర్తి కాలేదని అర్థమని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెబుతుంది. క్రీస్తు తన్ను తాను ఒక్కసారే అర్పించుకున్నాడు, అది చాలు. యెరూషలేము ఆలయాన్ని కూడా క్రీ.శ. 70లో రోమా సైన్యం నేలమట్టం చేసింది. ఇదంతా మనం ప్రతి మంచి శుక్రవారం వింటున్నదే. అయితే చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బలులన్నీ సిలువకు నీడ, అసలు వచ్చాక నీడతో పనేముంది అంటారు. ఆ నీడలో దేవుడు మనిషికి నేర్పిన సంగతులు చాలా ఉన్నాయి.

ఉదాహరణకు లేవీయకాండం 5వ అధ్యాయం చూడండి. పాపపరిహారార్థబలికి గొర్రెపిల్లను గానీ మేకపిల్లను గానీ తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు, లేదా రెండు పావురపు పిల్లలు. అవి కూడా తేలేనివాడైతే కాస్త గోధుమపిండి చాలు. మన కొలతల్లో సుమారు రెండు లీటర్ల గిన్నెకు వచ్చే పిండి. దాని మీద నూనె పోయకూడదు, సాంబ్రాణి వేయకూడదు. "రక్తము చిందింపకుండ పాపక్షమాపణ కలుగదు" అని మనకందరికీ కంఠస్థమే. ఆ వచనంలోనే "సామాన్యముగా" అనే మాట కూడా ఉంది, దాన్ని మాత్రం వదిలేస్తాం. కాస్త పిండి తెచ్చినవాడికీ క్షమాపణ ఉందని అదే మోషే ధర్మశాస్త్రం రాసిపెట్టింది. బాలయేసును ఆలయానికి తీసుకెళ్లినప్పుడు మరియమ్మ, యోసేపు గొర్రెపిల్లను తీసుకెళ్లలేదు. పేదలకు చెప్పిన పక్షుల జతే అర్పించారు (లూకా 2). మన ప్రభువు పుట్టిన ఇల్లు ఎలాంటిదో ఆ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. కానుక పెద్దదైతేనే ఆశీర్వాదం పెద్దదని చెప్పేవాళ్లు ఈ 5వ అధ్యాయం మోకాళ్ల మీద చదవాలని నా మనవి.

ఇక నన్ను మార్చింది 6వ అధ్యాయంలో మొదటి ఏడు వచనాలు. పొరుగువాడు దాచమని ఇచ్చినదాన్ని కాజేసినా, అతన్ని మోసం చేసినా, అబద్ధ ప్రమాణం చేసినా ఏం చేయాలో అక్కడుంది. తీసుకున్నది మొత్తం తిరిగి ఇవ్వాలి. దానికి ఐదో వంతు కలపాలి. అపరాధపరిహారార్థబలి అర్పించే రోజునే సొంతదారుడికి ముట్టజెప్పాలి. బలిగా ఇచ్చే పొట్టేలు సంగతి ఆ తర్వాతి వచనంలో వస్తుంది.

మాది గుంటూరు దగ్గర పల్లె. నాన్నగారు పోయాక కొన్నాళ్లు నేనూ మా తమ్ముడూ ఉమ్మడిగానే మిర్చి వేశాం. ఓ ఏడాది ముప్పై క్వింటాళ్లు మిర్చి యార్డుకు వేసుకెళ్లి అమ్మింది నేనే. అమ్మాయి కాలేజీ ఫీజు టెన్షన్‌లో ఉన్నాను. క్వింటాకు ఆరు వందలు తగ్గించి చెప్పి, ఆ లెక్క ప్రకారమే తమ్ముడికి సగం ఇచ్చాను. అమ్మకం చీటీ చూపించమని వాడు అడగలేదు. అన్నయ్యను కదా.

ఆ తర్వాత ఎన్నోసార్లు ప్రార్థనలో ఏడ్చాను. ఉపవాసాలున్నాను. కోతపండుగకు బస్తా ధాన్యం ఎక్కువే ఇచ్చాను. ప్రతి నెలా ప్రభురాత్రి భోజనంలో చెయ్యి చాపాను. దేవుడు క్షమించాడనే అనుకున్నాను. తమ్ముడికి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. నాకూ దేవుడికీ మధ్య ఆ విషయం తేలిపోయిందనుకున్నాను.

పన్నెండేళ్ల తర్వాత ఒక శుక్రవారం కూడికలో ఈ ఏడు వచనాలు చదవమని నాకే ఇచ్చారు. ఐదో వంతు దగ్గరకు వచ్చేసరికి గొంతు పెగల్లేదు. ఆ రాత్రి లెక్క వేశాను. దాచుకున్నది పద్దెనిమిది వేలు, అందులో వాడి సగం తొమ్మిది వేలు, దానికి ఐదో వంతు పద్దెనిమిది వందలు. మొత్తం 10,800.

పొద్దున్నే వెళ్లాను. తమ్ముడు అరుగు మీద మందు కొట్టే పంపు విప్పి నాజిల్ శుభ్రం చేస్తున్నాడు. డబ్బు పక్కన పెట్టి జరిగింది చెప్పాను. వాడు తల ఎత్తలేదు. నాజిల్‌లోకి రెండుసార్లు ఊది, వెలుగుకు పెట్టి చూసుకుని, అప్పుడు అన్నాడు: "నాకు ఆ యేడే తెలుసు అన్నయ్యా. పక్కూరోళ్లు అదే రోజు అమ్మారు, రేటు చెప్పారు."

మరుసటి ఏడాది నుంచి వాడు తన పంట తనే యార్డుకు వేసుకెళ్లడం మొదలుపెట్టాడు. మరదలు చెప్పి ఉంటుందని ఇన్నేళ్లూ ఆమె మీద అనుకున్నాను. ఆ తప్పు కూడా ఆ రోజే ఒప్పుకున్నాను. డబ్బు లెక్కపెట్టి, "ఈ పద్దెనిమిది వందలు దేనికి?" అని అడిగాడు. బైబిల్లో ఉందన్నాను. తీసుకున్నాడు. వద్దని తిరిగి ఇచ్చేస్తాడేమోనని భయపడ్డాను. తీసుకున్నందుకు ఈ రోజుకీ దేవుణ్ణి స్తుతిస్తాను.

డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కోవచ్చని నేననడం లేదు. క్షమాపణ క్రీస్తు రక్తం వల్లే. అయితే నేను మోసం చేసింది తమ్ముణ్ణి. వాడి దగ్గరికి వెళ్లకుండా నేరుగా బలిపీఠం దగ్గరికి వెళ్లడానికి ధర్మశాస్త్రం ఒప్పుకోలేదు, యేసూ ఒప్పుకోలేదు. మత్తయి 5లో ఆయన చెప్పింది అదే కదా: బలిపీఠం ముందు నీ కానుక వదిలిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడు. ఈ మాట నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను, మంచి సలహా అనుకున్నాను. దాని వెనక లేవీయకాండం ఉందని తెలిశాక ఆ మాట బరువు అర్థమైంది. పన్ను వసూలు చేసే జక్కయ్య, యేసు తన ఇంటికి వచ్చినప్పుడు లేచి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడంటే, చిన్నప్పటినుంచి విన్న ధర్మశాస్త్రం అతనికి గుర్తొచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

మీరు లేవీయకాండం చదవాలనుకుంటే 1వ అధ్యాయంతో మొదలుపెట్టకండి, నాలాగే ఆగిపోతారు. ముందు 5, 6 అధ్యాయాలు చదవండి, వెంటనే లూకా 2, మత్తయి 5 తీయండి. ఆ తర్వాత లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతాబలి మాంసం ఆ రోజే తినేయాలి, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదు అనే ఆజ్ఞ దగ్గర కాస్త ఆగండి. ఒక ఇంటివాళ్లు ఒక్కరోజులో ఒక ఎద్దును తినగలరా? ఎవరెవరిని పిలవాల్సి వచ్చేదో ఆలోచించండి. మేము తర్వాతి శుక్రవారం దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ రోజు కూడిక మా తమ్ముడింట్లో పెట్టుకున్నాం.