టెక్ సందేహాలు: డిస్క్ ఖాళీగా ఉన్నా కెర్నల్ అప్‌డేట్ ఆగిపోతోందా?

ప్రశ్న: ఉబుంటు అప్‌డేట్ చేస్తుంటే, డివైస్‌లో చోటు లేదంటూ కెర్నల్ దగ్గర ఆగిపోతోంది. డిస్క్‌లో సగానికి పైగా ఖాళీయే. బూట్ ఫోల్డర్‌లో పాత ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోతుందా? లేక పార్టిషన్ సైజు పెంచాలా?

జవాబు: రెండూ వద్దు. ముందు టెర్మినల్‌లో 'డీఎఫ్ -హెచ్' కొట్టి చూడండి. '/బూట్' అనే వరుస విడిగా కనిపించి, దాని ఎదురుగా 100 శాతమో, దానికి దగ్గరగానో ఉంటే నిండింది అదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి పాస్‌వర్డ్ తాళం) ఎంచుకుంటే ఉబుంటు బూట్‌కి వేరే చిన్న పార్టిషన్, అంటే డిస్క్‌లో విడిగా ఒక భాగం ఇస్తుంది. మిగతా డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా దానికి పనికిరాదు.

కెర్నల్ అంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్. కొత్త కెర్నల్ పాతదాన్ని తుడిచేయదు, దాని పక్కన చేరుతుంది. కెర్నల్ ఫైల్ చిన్నదే. చోటంతా తినేది దానికి తోడుగా తయారయ్యే 'ఇనిట్‌ఆర్‌డీ' ఫైల్. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌కి పాస్‌వర్డ్ అడిగి తెరిచేది కూడా ఇదే. పొరపాటున వాడుకలో ఉన్న కెర్నల్ తాలూకు ఇనిట్‌ఆర్‌డీని చెరిపేశారో, రీస్టార్ట్ చేశాక పాస్‌వర్డ్ అడిగే తెర కూడా రాదు. చేత్తో డిలీట్ చేయొద్దని అంత గట్టిగా చెప్పేది అందుకే. పైగా, ఫైల్ పోయినా ప్యాకేజీ ఉన్నట్టే సిస్టమ్ లెక్కలో ఉంటుంది.

'యూనేమ్ -ఆర్' కొడితే ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ తెలుస్తుంది. దాన్ని ముట్టుకోకండి. తర్వాత 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్' ఇవ్వండి. ఇక అక్కర్లేని పాత కెర్నళ్లను ఇది తీసేస్తుంది. చాలామందికి ఇక్కడితోనే సరిపోతుంది. సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్ వల్ల ఆప్ట్ (ప్యాకేజీలను వేసే, తీసే టూల్) కూడా మొరాయిస్తే, అన్నిటికన్నా పాత వెర్షన్ ఒక్కటి ఎంచుకుని, దాని ఇమేజ్, మాడ్యూల్స్ ప్యాకేజీలను ఒకేసారి 'సుడో డీపీకేజీ --పర్జ్'తో తీసేయండి. చోటు దొరికాక 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' ఇస్తే ఆగిన పని పూర్తవుతుంది.

బాగా పనిచేసిన పాత కెర్నల్ ఒకటి మాత్రం తప్పకుండా ఉంచుకోండి. కొత్తదానితో వైఫై రాకపోయినా, స్క్రీన్ నల్లగా ఉండిపోయినా కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాతదాన్ని ఎంచుకోవచ్చు. టెన్షన్ ఉండదు.

ఇక సైజు పెంచడం. బూట్ వెనకే ఎన్‌క్రిప్ట్ చేసిన పెద్ద పార్టిషన్ ఉంటుంది కాబట్టి దాన్ని కుదించి, డేటా మొత్తాన్ని పక్కకు జరపాలి. మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు దక్కడం కష్టం. బ్యాకప్ లేకుండా ఆ పనికి దిగకండి. నన్నడిగితే, ఈసారి ఓఎస్ కొత్తగా వేసుకునేటప్పుడు బూట్‌కి 2 జీబీ ఇవ్వండి.