కుట్లు మానాయి, కానీ వేలు వంగడం లేదు!

ప్రశ్న: మాది తాడిపత్రి. మా ఆయనకు 35 ఏళ్లు, బండల పాలిష్ ఫ్యాక్టరీలో నెలకు 14 వేల జీతం. ఏడు వారాల కిందట మిషన్ బెల్టులో కుడిచెయ్యి పడి చూపుడు వేలు మొదలుకంటా పోయింది, మధ్యవేలు విరిగింది. కుట్లు మానాయి గానీ మధ్యవేలు వంగడం లేదు. లేని వేలు దురద పెడుతోందంటాడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. చేతికి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకునే ఉంటాడు. ఓనరు 30 వేలు ఇస్తాం, సంతకం పెట్టమంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ తువ్వాలు తీయించండి. పోయిన వేలి గురించే ఇంటిల్లిపాదీ కుమిలిపోతుంటారు. నా భయమంతా మధ్యవేలు గురించే. ముద్ద కలపాలన్నా, బొత్తం పెట్టుకోవాలన్నా ఇకమీదట బొటనవేలికి జత అదే. అది కర్రలా బిగుసుకుపోతే, ఒక వేలు పోయిన చెయ్యి రెండు వేళ్లు పోయిన చెయ్యి అవుతుంది.

ఇప్పటికీ చెయ్యి దాటిపోలేదు. ఎక్స్‌రే తీయించండి. ఎముక అతుక్కుందని డాక్టర్ చెప్పగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఇంట్లో రోజుకు ఐదారుసార్లు చేతిని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, ఎడమచేత్తో వేలును ఒక్కో కణుపు దగ్గర మెల్లగా వంచాలి. కాస్త లాగినట్టుంటే ఫరవాలేదు, గట్టిగా విరవకూడదు. వాపు ఉంటే పడుకున్నప్పుడు చేతిని దిండు మీద ఎత్తులో పెట్టాలి. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానాలి. పొగాకు సన్నని రక్తనాళాలను ఇంకా కుంచింపజేస్తుంది.

లేని వేలు దురద పెట్టడం పిచ్చి కాదు, భ్రమా కాదు. తెగిన నరం ఇంకా మెదడుకు కబురు పంపుతూనే ఉంటుంది. వేలు తెగిన చోటును మొదట దూదితో, కొన్నాళ్లకు తువ్వాలుతో రుద్దండి. తర్వాత గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి ఐదు నిమిషాలు కదిలించమనండి. చర్మం మెల్లగా అలవాటు పడుతుంది. దీనికి మందులూ ఉన్నాయి, డాక్టర్ చూసి రాస్తారు. ఒకే చోట తాకితే కరెంటు షాక్ కొట్టినట్టుంటే అక్కడ నరం గడ్డకట్టి ఉండొచ్చు, సర్జన్‌కు చూపించండి. చేయంతా మంటలు పుట్టి, చర్మం నిగనిగలాడుతూ రంగు మారితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ఉలికిపాటు నెల దాటినా తగ్గలేదంటే అదీ గాయమే. మానసిక వైద్యుడిని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఇక డబ్బు సంగతి. నేను లాయర్ని కాను. అయినా గాయాల సర్టిఫికెట్లు రాసేవాడిగా ఈ లెక్క తెలుసు. చూపుడు వేలు పూర్తిగా పోతే, పనిలో దెబ్బ తగిలిన కార్మికులకు చట్టంలో ఉన్న పరిహారం పట్టిక ప్రకారం 14 శాతం సంపాదన శక్తి పోయినట్టు. జీతంలో 60 శాతం అంటే 8,400. దాన్ని 35 ఏళ్ల వయసుకు చట్టంలో ఇచ్చిన 197.06 అనే అంకెతో హెచ్చవేసి, అందులో 14 శాతం తీస్తే 2 లక్షల 31 వేలు దాటుతుంది. వైద్యం ఖర్చు దీనికి అదనం. మధ్యవేలు బిగుసుకుపోతే దాన్ని కూడా డాక్టర్‌తో సర్టిఫికెట్‌లో రాయించుకోండి, లేకపోతే లెక్కలోకి రాదు. కాబట్టి 30 వేలకు సంతకం పెట్టొద్దు. అనంతపురంలోని కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, రెండేళ్లు దాటనీయొద్దు. జీతంలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోస్తుంటే మాత్రం దారి వేరు. పరిహారం ఓనరు కాదు, ఈఎస్ఐ ఇస్తుంది. పని చేయలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది.

సదరం (ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్) శాతం వేరు, పరిహారం శాతం వేరు. సదరంలో 40 శాతం రాకపోతే పింఛను రాదు. అది రాలేదని పరిహారం కూడా రాదనుకుని చాలామంది వదిలేసుకుంటున్నారు.

ఆస్పత్రి కాగితం ఒకసారి తీసి చూడండి. దెబ్బ ఎలా తగిలిందన్న చోట ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయించిన కేసులు నేను చూశాను. అలా ఉంటే ఈ వారంలోనే ఆ ఆస్పత్రికి వెళ్లి, జరిగింది చెప్పి, సరిచేయమని రాతపూర్వకంగా అడగండి. ఆ రోజు పక్కన పనిచేసినవాళ్ల పేర్లు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి.