అమెరికా హైస్కూల్లో ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఆర్ట్స్ అంటే ఏం చదువుతారు?

హైదరాబాదులో ఇంగ్లిష్ మీడియం చదివి, అమెరికాలో తొమ్మిదో తరగతిలో చేరే పిల్లలకు ఈ సబ్జెక్టు ఎందుకు కష్టమవుతుందన్నది ప్రశ్న.

ఇది పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేసే పేపరు కాదు. చదవడం, రాయడం, మాట్లాడటం, వినడం, భాషా ప్రయోగం అన్నీ కలిసిన చదువు ఇది. చాలా రాష్ట్రాల్లో హైస్కూలు నాలుగేళ్లూ తప్పనిసరి. ఏ తరగతిలో ఏం నేర్వాలో చెప్పే, 2010లో వెలువడిన కామన్ కోర్ ప్రమాణాలు కథలు, కవితలతో పాటు చారిత్రక ప్రసంగాలను కూడా చదివించాలంటాయి. ఉదాహరణకు 1863లో గెటిస్‌బర్గ్‌లో అమెరికా అధ్యక్షుడు లింకన్ చేసిన ప్రసంగానికి సారాంశం రాస్తే సరిపోదు. దేశం పుట్టి ఎనభై ఏడేళ్లు అని నేరుగా అనకుండా, బైబిల్ ధోరణిలో ‘నాలుగు ఇరవైలు, మరో ఏడు’ అంటూ ఆయన ఎందుకు మొదలుపెట్టారో విద్యార్థి తన వాదనగా చెప్పి, ప్రసంగంలోని మాటలనే ఆధారంగా చూపి, ఆ ఆధారం వాదనను ఎలా నిలబెడుతుందో వివరించాలి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది, నా దృష్టిలో, ఈ చివరి మెట్టు దగ్గరే. అందుకే తల్లిదండ్రులు స్పెల్లింగులు దిద్దడం కంటే, ప్రతి పేరా దగ్గరా ఆగి “నీకు అలా ఎందుకు అనిపించింది?” అని అడగడం మేలు, ఆ సంభాషణ తెలుగులో జరిగినా నష్టమేమీ లేదు.